ఉజ్జాయింపు దోషి

ఆగస్టు 6, బుధవారం

ఈ ఉదయం పది గంటలకు తెప్పలపేట ఆరోగ్య సంఘం, జ్వరాన్ని మన మధ్యకు తెచ్చిన మనిషి పేరు ప్రకటించింది: సూరాడ తవిటమ్మ, యాభై ఎనిమిదేళ్లు, మూడో తెప్ప. వచ్చే బుధవారం ఆమెను దూరపు బల్లకట్టుకు పంపుతారు.

జ్వరంతో ఇప్పటికి పదకొండు మంది చనిపోయారు. దూరపు బల్లకట్టు అంటే మన ఇరవై రెండు తెప్పలు కనిపించనంత దూరంలో లంగరు వేసిన ఇనుప పడవ. కిందటేడు వాంతులు పాకినప్పుడు ఐదుగురిని అక్కడికి పంపారు. తిరిగి వచ్చింది ఒకరు.

సంఘం అధికారి గంటి చలపతి మైకులో చదివినవి మూడు వాక్యాలు. చివరిది: "అల్లికను అడిగాం, జవాబు వచ్చింది." పేటలో ఎవరికి ఎవరేమవుతారో, ఎక్కడ ఏముందో దాచుకుని, అడిగితే వెతికి చెప్పే యంత్రం అల్లిక. ఆ తర్వాత ఇంకో ప్రకటన. తాగే నీళ్లు మరగబెట్టాలన్న ఆదేశం ఈ రోజుతో రద్దు. వంటచెరకు ఆదా చేసుకోవచ్చు.

ప్రకటన వచ్చినప్పుడు నేను మంచినీళ్ల వరసలో ఉన్నాను. నా ముందు పీపాలు దొర్లించుకుంటూ చేపల మార్కెట్టు కాపలాదారు బొడ్డు ఎల్లాజీ.

"అల్లిక ఊరికే అంతాదేటి?" అన్నాడు. "జూన్‌లో నాలుగో తెప్ప తాడు ఎవులు కోసారంటే తవిటమ్మంది. మొన్న నీళ్లతొట్టి మూత ఎవులు తీసేసారంటే తవిటమ్మంది. ఇప్పుడు జొరమూ తవిటమ్మే. మూడు మాట్లు ఒకే పేరొచ్చిందంటే ఏటో ఉండే ఉంతాది."

"మూడు మాట్లు నీ పేరొస్తే?" అంది వెనకున్న ఆమె.

"నా పేరెందుకొత్తాది? నానెవులితోటీ మాటాడను గదా."

వరసలో అందరూ నవ్వారు. తాడు విషయంలోనూ, మూత విషయంలోనూ ఇలాగే నవ్వారు. అప్పుడు ఆమెను మందలించి వదిలేశారు.


ఆగస్టు 7, గురువారం

తవిటమ్మ పని పసిపిల్లలకు నీళ్లు పోయడం. పుట్టిన పదకొండో రోజు నుంచి మెడ నిలిచేదాకా రోజూ వెళ్లి, కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి తల్లికి అందిస్తుంది. తెప్పలపేటకు ముందు, కడలి మింగేసిన ఊళ్లో కూడా అదే చేసేది.

నేను వెళ్లేసరికి కాళ్ల మీద బిడ్డ ఉంది. గుమ్మంలో సంఘం పంపిన వాలంటీరు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పాతికేళ్లవాడు. వాడికీ ఆమే నీళ్లు పోసింది.

"పెద్దమ్మా, నాను నీకు కాపలా అంట," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఉంటే ఉండు గానీ ఆ సెంబు ఇటందుకో. నువ్వూ కూకో, పేపరు బావూ. సబ్బు నురగ మీద కూకోకు."

నేను గోడపత్రిక నడుపుతాను కాబట్టి అందరికీ పేపరు బావునే. అడగాల్సినవి అడిగాను.

"గట్టు సంతకు వెళ్లావా?"

"సంతకెందుకెల్తాను? జూన్‌లో పన్ను పీకించుకోడానికి గట్టెక్కినాను. పళ్ల డాకటరు కాడికి."

"జ్వరం వచ్చిందా?"

"దవడ వాసింది. నాలుగు రోజులు అంబలి తాగినాను. అది జొరవా?"

"మొదట చనిపోయిన ముగ్గురితో కలిసి తిన్నావా?"

ఆమె చేతులు ఆగాయి. ఆ ముగ్గురూ మూడు వేర్వేరు తెప్పలవాళ్లు. తొమ్మిదో తెప్ప ఎర్రమ్మ కొడుకు కొర్లయ్య వాళ్లలో మొదటివాడు. పందొమ్మిదేళ్లు.

"ఆ ముగ్గురికీ నీళ్లు పోసినాను. కొర్లడు నన్ను పెద్దమ్మా అనీవోడు. ఆడి కంచంలో నానెప్పుడు తిన్నాను బావూ? ఆడు తొమ్మిదో తెప్ప, నాను మూడో తెప్ప. మజ్జిన ఆరు తాళ్లు దాటాల."

పెద్దమ్మ అన్న ఆ మాట గురించి ఇక్కడ రాసుకోవాలి. సముద్రం ఊళ్లను తీసుకుపోయిన ఏడాది, పడవలెక్కి వచ్చినవాళ్లలో సగం మందికి సొంతవాళ్లు మిగల్లేదు. ఆ వానాకాలం పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు: ఈ తెప్పల మీద ఎవరూ దిక్కులేకుండా ఉండకూడదు, ప్రతి ఒక్కరూ ఇంకొకరితో వరస కలుపుకోవాలి. బాబాయి, వదిన, మావయ్య, అప్ప, ఏదో ఒకటి. కలుపుకున్న వరసను ఇద్దరూ వచ్చి చెబితే అల్లికలో పోగుగా కట్టేవాళ్లు. రక్తం పంచుకున్న పోగుకూ, నోటితో కలిపిన పోగుకూ తేడా పెట్టొద్దన్నారు. తేడా పెడితే మళ్లీ అనాథలే మిగులుతారని. ఆ నిర్ణయంలో తప్పులేదు.

నీళ్లు పోసిన ప్రతి బిడ్డకూ తవిటమ్మ పెద్దమ్మ. ఆమెకు ఉన్నన్ని పోగులు తెప్పలపేటలో ఎవరికీ లేవు.


ఆగస్టు 8, శుక్రవారం

అల్లిక ఆఫీసులో ప్రశ్నలు రాసి మీట నొక్కేది హసీనా. గట్టు మీద కాలేజీలో చదివి వచ్చింది. అల్లికకు ఉజ్జాయింపు నేర్పిన ముగ్గురిలో ఒకరు. పని గురించి అడిగితే దాచదు.

"అల్లికంటే వల సార్," అంది. "మనిషైనా, పడవైనా, మందుసీసా అయినా ఒక ముడి. ఒక ముడికీ ఇంకో ముడికీ ఉన్న సంబంధం పోగు. ప్రశ్న అడగడమంటే ఫలానా పోగుల వెంట నడిస్తే ఏ ముడి దగ్గర తేలతామో చూడటం."

"అలాంటి ముడి లేకపోతే?"

"మొదట్లో 'లేదు' అనే వచ్చేది. పెద్ద తుఫానప్పుడు ఒకాయన కొడుకుకి ఆయాసం మందు అడిగాడు. ఆ పేరుతో మందు లేదు, అల్లిక లేదంది. అదే పని చేసే ఇంకో మందు పక్క తెప్పలోనే ఉంది. బిడ్డ పోయాడు. ఆ తర్వాతే ఉజ్జాయింపు పెట్టాం. సరిగ్గా దొరక్కపోతే ప్రశ్నను కొంచెం వదులు చేసి మళ్లీ వెతుకుతుంది. వదులు చేసిన ప్రతిసారీ దూరం ఒకటి పెరుగుతుంది. దూరం సున్నా అంటే అడిగిందే దొరికినట్టు. ఆ పద్ధతితో ఎంతమంది పిల్లలు బతికారో మీ పత్రికలోనే రాశారు."

రాశాను. నిజమే.

తవిటమ్మ పేరు తెచ్చిన ప్రశ్న చూపించమన్నాను. తెర నావైపు తిప్పింది. ప్రశ్న ఇది: జూలై మూడో వారంలో గట్టు సంతకు వెళ్లి, మొదట చనిపోయిన ముగ్గురితోనూ కలిసి తిని, జ్వరం వచ్చి బతికిన మనిషి ఎవరు?

అలాంటి మనిషి లేరు. దూరం సున్నా దగ్గర ఖాళీ.

అప్పుడు అల్లిక వదులు చేసింది. జూలై మూడో వారం కాస్తా ఎప్పుడైనా అయింది. సంత కాస్తా గట్టు మీద ఏ చోటైనా అయింది. కలిసి తినడం కాస్తా ఏ పోగుతోనైనా కలిసి ఉండటం అయింది. జ్వరం కాస్తా ఏ జబ్బైనా అయింది. నాలుగు వదుళ్లు. ఎప్పుడో గట్టెక్కి, ఆ ముగ్గురితోనూ ఏదో వరస ఉండి, ఏదో జబ్బు చేసిన మనిషి: తవిటమ్మ. దూరం నాలుగు.

"సంఘానికి ఇచ్చిన చీటీలో దూరం ఏది?" అన్నాను.

"మార్చి నుంచి చీటీ మీద దూరం అచ్చవడం లేదు సార్. తీసేయమన్నారు."

"ఎవరు?"

ఆమె చలపతి గది వైపు చూసింది.

తాడు ప్రశ్న, మూత ప్రశ్న కూడా తీయించాను. ఒకదానికి దూరం మూడు, ఒకదానికి ఐదు. ఎన్ని పోగులుంటే అన్ని దారులు ఆ ముడి దగ్గరికి వస్తాయి. ప్రశ్న ఏదైనా, తగినంత వదులు చేస్తే అందరికంటే ఎక్కువమందికి చుట్టమైన మనిషి దగ్గరే ఆగుతుంది. ఎవరితోనూ మాట్లాడని ఎల్లాజీ పేరు నిజంగానే ఎప్పటికీ రాదు.


ఆగస్టు 9, శనివారం

చలపతి నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. మర్యాద తెలిసిన మనిషి.

"దూరం చూసి జనం తికమక పడుతున్నారండీ," అన్నారు. "రెండంటే మంచిదా, నాలుగంటే చెడ్డదా అని కౌంటరు దగ్గర తగువులు. అడిగినవాళ్లకు కావలసింది జవాబు. జవాబు ఇస్తున్నాం."

"నాలుగు వదుళ్ల తర్వాత వచ్చిన జవాబుతో మనిషిని బల్లకట్టు ఎక్కిస్తారా?"

"అంతకంటే దగ్గరి జవాబు లేదు కదా. ఉంటే చూపించండి."

తవిటమ్మ పేరు పక్కన పెట్టి అదే ప్రశ్న మళ్లీ అడగమన్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. హసీనా మీట నొక్కింది. ఒకే దూరంలో ఎందరున్నా ఎక్కువ పోగులున్నవాళ్ల పేరొక్కటే చీటీకి ఎక్కుతుంది. ఈసారి దూరం నాలుగుతోనే ఇంకో పేరు వచ్చింది: నీలయ్య. పిల్లలందరికీ ఈత నేర్పినవాడు, అందరికీ మావయ్య. రెండేళ్ల కిందట చనిపోయాడు. ఆయన అస్థికలు కలిపిన పడవలో నేనూ ఉన్నాను.

"ఈయన చనిపోయాడు," అన్నాను.

"చూశారా మరి," అన్నారు చలపతి. "చనిపోయినాయన జ్వరం తేలేడు. అంటే మిగిలింది ఆవిడే. మీరే రుజువు చేశారు."

ఆయన ఎగతాళి చేయడం లేదు. నమ్మే అన్నారు. టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాను. ఇరవై ఏళ్లుగా విలేకరి పని చేస్తున్నాను, అబద్ధం చెప్పే అధికారులను చాలామందిని చూశాను. వాళ్లతో వేగడం తేలిక. అబద్ధమని వాళ్లకూ తెలుసు.

లేవబోతుంటే ఒక దారి చెప్పారు. "నాకు ఆవిడ మీద పగేమీ లేదు. నిబంధన ప్రకారం పడవ ఎక్కించే ముందు రోజు ప్రశ్న మళ్లీ అడగాలి. ఈలోగా ఆవిడ పోగులు తగ్గితే పేరు రాకపోవచ్చు. వరస కలుపుకున్నవాళ్లు కౌంటరుకు వచ్చి, ఈమె మాకు ఏమీ కాదని చెప్పి తెంపుకోవచ్చు. ఆ ముగ్గురి ఇళ్లవాళ్లూ తెంపితే చాలు."

"అప్పుడు ఇంకొకరి పేరు వస్తుంది."

"వస్తే వాళ్ల సంగతి చూద్దాం."


ఆగస్టు 10, ఆదివారం

పన్నెండో చావు. ఏడో తెప్ప మీద పడవల మేస్త్రీ. తవిటమ్మతో ఏ వరసా లేదు. ఆమె నాలుగు రోజులుగా కాపలాలో ఉంది. మరగబెట్టని నీళ్లు తాగుతున్న ఐదో రోజు ఇది. నీళ్లను పరీక్షకు పంపారా అని సంఘాన్ని అడిగాను. దోషి దొరికాక పరీక్ష దేనికన్నారు.

తెంపుళ్ల మాట తవిటమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. తిరగలేదు.

"ఎర్రమ్మ ఇంటికెల్లి, నీ సచ్చిపోన కొడుక్కి నాను ఏటీ కాను అని సెప్పమని అడగాలా?"

"నీ ప్రాణానికి సంబంధించిన విషయం."

"ప్రాణం సంగతి సరే. నాను తప్పుకుంటే ఇంకోల పేరు పడతాదంటన్నావు. ఆల్లని కూడా తెంపుకోమంతావా? అలా తెంపుకుంటా పోతే ఆకరికి ఎల్లాజీ ఒక్కడు మిగుల్తాడు." పొయ్యిలో కర్ర ఎగదోసి, అప్పుడు తిరిగింది. "బావూ, తెంపే కౌంటరు కాడ కట్టడం కూడా అవుద్దా?"

హసీనాను అడిగి చెబుతానన్నాను.


ఆగస్టు 11, సోమవారం

అవుతుంది. కౌంటరు ఒకటే. చనిపోయినవాళ్లతో వరస కలపాలంటే వాళ్ల తరఫున దగ్గరి రక్తసంబంధీకులు వచ్చి ఒప్పుకోవాలి. అంతే నిబంధన.

ఉదయం గోడపత్రిక వేశాను. విశేషణాలు లేవు. అల్లికను అడిగిన ప్రశ్న, దానికి చేసిన నాలుగు వదుళ్లు, దూరం, నీలయ్య పేరు, నీళ్ల పరీక్ష ఆపిన తేదీ, చనిపోయినవాళ్లతో వరస కలిపే నిబంధన. ఇరవై రెండు తెప్పల మీద అంటించాను. తొమ్మిదో తెప్ప మీద అంటిస్తుండగా ఎర్రమ్మ వచ్చింది. ప్రకటన వచ్చిన రోజు తవిటమ్మ గుమ్మం మీద బూడిద పోసింది ఆమే.

"సదువు," అంది.

చదివాను. రెండోసారి చదవమంది. మళ్లీ చదివాను. అల్లిక ఆఫీసు వైపు నడిచింది. నేనూ వెళ్లాను.

చలపతి లేచి నిలబడ్డారు. కొడుకు పోయిన తల్లి అని తెలుసు.

"నాను మిమ్మల్ని ఏటి అడిగినాను బావూ?" అంది.

"మీ అబ్బాయికి జ్వరం ఎవరి వల్ల వచ్చిందని అడిగారమ్మా."

"మీరేటి సెప్పినారు?"

"తవిటమ్మ వల్ల అని."

"ఈ కాయితం అలా అంతనేదు. తెలవదు, గానీ కుసింత దగ్గిరగా ఈవిడుంది అంతంది."

"అది ఉజ్జాయింపు జవాబమ్మా. శాస్త్రీయంగా..."

"నా కొడుకు ఉజ్జాయింపుగా సచ్చిపోనాడేటి?"

హసీనా కుర్చీ ఇటు తిప్పింది.

"పూర్తిగా సచ్చిపోనాడు బావూ. ఆడి కంచం ఉంది, ఆడి పక్క ఉంది, ఆడు నేడు. తెలవదు అని ఒక్క ముక్క సెప్పుంటే నాను నీళ్లు మరగబెట్టుకుని ఏడుసుకుందును. మీరు పేరిచ్చినారు. నాను ఎల్లి దాని గుమ్మం మీద బూడిద పోసినాను. ఆ బూడిద నా సేత పోయించింది మీరు."

చలపతి కూర్చోమన్నారు. ఆమె కూర్చుంది, ఆయన చూపిన కుర్చీలో కాదు, కౌంటరు పక్కన బెంచీ మీద. "వరసలు కట్టీది ఇక్కడే గదా?" అంది హసీనాతో. "నా కొడుక్కి సుట్టాలు కావాల. ఎవులొస్తే ఆల్లకి కట్టు. నానొప్పుకుంతన్నాను."


ఆగస్టు 12, మంగళవారం

మిగిలిన ఇద్దరి ఇళ్లవాళ్లు నిన్న మధ్యాహ్నానికే బెంచీ మీద ఎర్రమ్మ పక్కన చేరారు. నిన్న సాయంత్రానికి వరస మూడు తెప్పలు దాటింది. ఈ రోజు ఉదయం మళ్లీ మొదలైంది. ఎవరూ పిలుపు ఇవ్వలేదు. ఏడో తెప్పవాళ్లు మేస్త్రీ చిన్న కర్మ ముగించుకుని అటే వచ్చారు.

ఒక్కొక్కరూ కౌంటరు ముందు నిలబడతారు. ఎర్రమ్మ వాళ్లను పైకీ కిందికీ చూస్తుంది, వయసు చూసి వరస చెబుతుంది. "నువ్వు ఆడికి సిన్నాన్నవి. నువ్వు వొదినవి. నీకు ఆడు మావయ్య అవుతాడే గుంటా, కొర్లయ్య మావయ్య అనాల, అనీ." ఆ పిల్ల అంటుంది. పక్కనున్న రెండు ఇళ్లవాళ్లూ అలాగే తమవాళ్లకు వరస చెబుతారు. హసీనా మూడు పోగులూ కడుతుంది. తరువాత మనిషి.

అందరూ రాలేదు. నీళ్ల వరసలో నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్లున్నారు. పేరు వస్తే తామూ పడవ ఎక్కాలని వాళ్లకు తెలుసు. వచ్చినవాళ్లకూ తెలుసు.

పదకొండింటికి ఎల్లాజీ వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకెవులూ లేరు. ఏ వరసైనా పర్నేదు," అన్నాడు.

ఎర్రమ్మ అతన్నీ పైకీ కిందికీ చూసింది. "ఆడికి తాత నేడు," అంది. "ఉండు."

చలపతి అత్తగారు ఒంటిగంటకు వచ్చారు. అల్లుడి గది తలుపు మూసి ఉంది. ఆమె ఆ తలుపు వైపు చూడకుండా వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడ్డారు. చివర్లో హసీనా కుర్చీలోంచి లేచి, కౌంటరు ఇవతలికి వచ్చి, తనకూ ఒకటి అడిగింది. "అప్పవి," అంది ఎర్రమ్మ. హసీనా వెనక్కి వెళ్లి తన పోగు తానే కట్టుకుంది.

నాలుగు గంటలకు, నిబంధన ప్రకారం, ప్రశ్న మళ్లీ అడిగారు. చలపతితో సహా సంఘం సభ్యులు ఐదుగురూ తెర ముందు ఉన్నారు. తలుపు బయట జనం. అదే ప్రశ్న, ఒక్క మాట మార్చలేదు. చీటీకి ఎక్కే ఒక్క పేరే కాకుండా జాబితా అంతా తెర మీద వేసింది హసీనా. దూరం సున్నా దగ్గర ఖాళీ. ఒకటి, రెండు, మూడు దగ్గర ఖాళీ. నాలుగు దగ్గర పేర్లు మొదలయ్యాయి, ఆగలేదు. టీకా కోసమైనా, పన్ను కోసమైనా ఎప్పుడో ఒకసారి గట్టెక్కనివాళ్లు, ఎప్పుడో ఒకసారి ఏదో జబ్బు చేయనివాళ్లు ఇక్కడ లేరు. ఆరు వందల పైచిలుకు పేర్లు. తవిటమ్మ వాటిలో ఒకటి. నీలయ్య కూడా ఉన్నాడు.

"ఇది మోసం," అన్నారు చలపతి. "ఇవి నిన్న కట్టిన పోగులు."

"పోగుకూ పోగుకూ తేడా పెట్టొద్దన్నది మన కట్టుబాటే సార్," అంది హసీనా. "తేదీని వదులు చేయడం కూడా మీరు ఒప్పుకున్నదే."

"అసలు దోషి ఎవరో తెలియాలి కదా?"

గుమ్మంలోంచి ఎర్రమ్మ అంది: "తెలవదు అని సెప్పండి బావూ. నోరు తిరగదేటి?"

ఆయన చెప్పలేదు. ఐదుగురూ లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. గంట తర్వాత ఒక ప్రకటన అంటించారు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. తవిటమ్మను పంపే ఆదేశం రద్దు చేయలేదు. సమాన దూరంలో ఉన్న జవాబులన్నింటికీ ఆదేశం సమానంగా వర్తిస్తుంది. నీళ్లు మరగబెట్టడం గురించి ఏమీ లేదు. నేను గోడపత్రిక మీద పెద్ద అక్షరాలతో ఒకే మాట వేశాను: మరగబెట్టుకోండి.

పడవ రేపు ఉదయం ఏడింటికి మూడో తెప్ప దగ్గర ఆగుతుంది. అందులో నలభై మంది పడతారు. ఎక్కడానికి సిద్ధంగా ఉంటామని ఆరు వందల మంది చెప్పారు. అంతకు ముందు ఆరింటికి సంఘం బహిరంగ సమావేశం. ఎజెండాలో మొదటి అంశం, ఎవరిని ముందు ఎక్కించాలి. మాట్లాడేవాళ్ల జాబితాలో మొదటి పేరు ఎర్రమ్మ. రెండో అంశం, నీళ్ల పరీక్ష. దాన్ని చేర్పించడానికి సభ్యుల్లో ముగ్గురి సంతకాలు కావాలి. ఇప్పటికి రెండు వచ్చాయి. మూడో సంతకం కోసం చలపతి అత్తగారు ఈ రాత్రి అల్లుడి ఇంట్లో భోజనానికి వెళ్తున్నారు.